నాన్నగారికి గడ్డం బ్రష్షు

గడ్డం బ్రష్షు గూర్చి సంఘ పత్రికలో వ్రాయడమేమిటని అనుకోకండి. మంచం పట్టిన పెద్దలున్న ఇళ్లలో ఇది అక్కరకు వచ్చే సంగతే. పక్షవాతము వచ్చిన మా నాన్నగారికి గడ్డం గీసేది నేనే. ముడతలు పడిన చర్మానికి గరుకు బ్రష్షు తగిలితే ఆయన నోటితో చెప్పలేరు, కళ్లు గట్టిగా మూసుకుంటారు.

బ్యాడ్జర్ వెంట్రుకల బ్రష్షు మెత్తగా ఉంటుందని విని పట్టణంలో వెదికాను. బ్యాడ్జర్ అంటే బొరియలు త్రవ్వుకొని ఉండే జంతువు. (ప్రత్యక్షపు గుడారము మీద కప్పిన తోళ్లు కింగ్ జేమ్స్ బైబిలులో బ్యాడ్జరువి, మన తెలుగు బైబిలులో సముద్రవత్సలవి!) దాని వెంట్రుక నీళ్లను బాగా పట్టి ఉంచుతుంది. అయితే ‘ప్యూర్’, ‘బెస్ట్’ అనే పేర్లకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. తక్కువ ఖరీదు ‘ప్యూర్’ కొనలు గుచ్చుకుంటాయి. పేరును నమ్మి ప్రాణాలు పోగొట్టుకున్నవారు కూడా ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గుర్రపు వెంట్రుకలను బ్యాడ్జరువిగా కనబడేటట్లు చేసి అమ్మారు. సరిగా శుద్ధి చేయని ఆ వెంట్రుకల వలన ఆంత్రాక్స్ సోకి ఇంగ్లండులోను, అమెరికాలోను కొందరు చనిపోయారు.

కాబట్టి కొనేటప్పుడు కొనలను మణికట్టు లోపలివైపు నిలువుగా ఆన్చి చూడండి, గుచ్చుకోకూడదు. వెంట్రుకలు ఒత్తుగా ఉండాలి. మెల్లగా లాగితే ఊడి రాకూడదు. పిడి అందం చూసి మోసపోవద్దు.

చేతిలో డబ్బు తక్కువైతే నాసిరకం బ్యాడ్జరు కంటె మెత్తని సింథటిక్ బ్రష్షే మేలు. నేను చివరకు అదే తెచ్చాను. మొదటి వారమే నాన్నగారు రెండో చెంప తామే తిప్పారు! ఏ బ్రష్షయినా వాడగానే సబ్బు పోయేలా కడిగి, విదిలించి, గాలి తగిలే చోట ఆరబెట్టండి. తడిగా డబ్బాలో పెట్టవద్దు. ఒకరి బ్రష్షు మరొకరికి వాడవద్దు.