బండి మొగ్గు

డాలస్‌లో దిగగానే మావాడు తన కొత్త ట్రెయిలర్ చూపించాడు. చక్రాల మీద ఇల్లు. దాన్ని తగిలించగానే వాడి పికప్ వెనక కుంగి, మూతి పైకెత్తింది. "రాత్రిపూట ఎదురొచ్చేవాళ్ళంతా డిమ్ కొట్టమని లైట్లు వేస్తున్నారు నాన్నా. నేను డిమ్‌లోనే ఉంటున్నా" అన్నాడు.

"కమాన్ కట్టలో ఇంకో రెండు పట్టీలు వేయించు" అన్నాను. విజయవాడ ఆటోనగర్ పక్కన ముప్ఫయ్యేళ్ళు బతికినవాణ్ణి, నాకు తెలిసిన వైద్యం అదే. వాడేమో ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య బిగించే గాలిసంచులు అప్పటికే కొనేశాడు. ఆ పెట్టె పట్టుకుని, శనివారం పొద్దున్నే ట్రెయిలర్‌తో సహా, దాన్ని బండికి తగిలించే హిచ్‌లు బిగించే షెడ్డుకి వెళ్ళాం. గ్రీజు వాసన అచ్చం ఆటోనగర్‌దే.

అరవై దాటిన మెకానిక్ పెట్టె వైపు చూడలేదు. ట్రెయిలర్ విప్పించి, నేల నుంచి పికప్ చక్రాల మీదుండే ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచాడు. ముందు 37 అంగుళాలు, వెనక 39. మళ్ళీ తగిలిస్తే వెనక 36కి దిగింది. ముందు మాత్రం 38కి లేచింది. ఆయన సుద్దముక్కతో గీత గీసింది ఆ ముందు అంకె కిందే.

ట్రెయిలర్ బరువు 6,000 పౌండ్లు. దాని ముక్కు కింద కాటా పెడితే 720 చూపించింది. మొత్తంలో 10 నుంచి 15 శాతం ముక్కు మీదే ఉండాలట. తగ్గితే ట్రెయిలర్ రోడ్డు మీద తోకలా ఊగుతుంది. నాకు మా ఊరి గడ్డిబండి గుర్తొచ్చింది. వెనక మొగ్గయితే కాడి లేచి ఎద్దుల గొంతు పట్టేసేది, ముందు మొగ్గు ఎక్కువైతే మెడలు కుంగేవి. అందుకే బండి కట్టేముందు కాడి ఎత్తి చూసి, ఒక మోపు అటో ఇటో జరిపేవారు.

హిచ్ బంతి వెనక ఇరుసుకి 5 అడుగుల అవతల ఉంది. రెండు ఇరుసుల మధ్య 12 అడుగులు. తూగుడుబల్ల లెక్క: 720 అక్కడ కూర్చుంటే ముందు ఇరుసు మీంచి 300 పౌండ్లు లేచిపోయి, వెనక ఇరుసు మీద 1,020 పడతాయి. స్టీరింగ్ పట్టు ముందు చక్రాలదే, బ్రేకు పనిలో పెద్దవాటా కూడా వాటిదే. నా పట్టీలైనా, వాడి సంచులైనా వెనక భాగాన్ని లేపుతాయిగానీ ఆ 300 పౌండ్లని ముందుకి తేలేవు. కంటికి కనబడే జబ్బుకి ఇద్దరం మందు వెతికాం.

ఆయన హిచ్ కిందున్న స్టిక్కర్ చూపించాడు. మామూలుగా లాగితే 5,000 పౌండ్లు, ముక్కు మీద 500. అది దాటితే బరువు పంచే హిచ్ ఉండాలి. అదే బిగించాడు. హిచ్ తల నుంచి వెనక్కి రెండు స్ప్రింగ్ బార్లు. వాటి కొసల్ని గొలుసులతో ట్రెయిలర్ ఫ్రేముకి ఎత్తికట్టాడు. బార్లు వంగి, కొంత బరువు ముందు ఇరుసు మీదికీ, కొంత ట్రెయిలర్ చక్రాల మీదికీ వెళ్ళింది. ముందు లేచిన దాంట్లో కనీసం సగం తగ్గాలన్నాడు. రెండుసార్లు గొలుసు లింకు మార్చాక 37½ వచ్చింది. వెనక ఇంకా కాస్త కిందే ఉంది. ఉండనీ అన్నాడు.

చివరికి డ్రైవర్ తలుపు తీయించాడు. అక్కడి స్టిక్కర్ ప్రకారం బండి మోయగలిగింది 1,520 పౌండ్లు. అందులో ట్రెయిలర్ ముక్కు 720, హిచ్ 80, నలుగురు మనుషులు 600. మిగిలింది 120.

ఇంటికి రాగానే మావాడు పికప్ తొట్టిలోంచి జనరేటర్ దింపేశాడు.