చేబదులుకూ కాగితం కావాలి

అస్ర్ నమాజు తరువాత మదరసా అరుగుమీదికి వచ్చి కూర్చునేవారిలో కొందరు మసాయిల్ అడగడానికి వస్తారు. మరికొందరు మసలా అడుగుతున్నట్టే మొదలుపెట్టి, చివరకు గొంతు తగ్గించి, “హజ్రత్, మీకు తెలిసినవాళ్ళలో వడ్డీ లేకుండా ఇచ్చే నమ్మకస్తుడు ఎవరైనా ఉన్నారా?” అంటారు. బోరు ఎండిపోయినవాడు, కొడుకును కువైట్ పంపాలనుకున్నవాడు, భార్యకు ఆపరేషన్ చెప్పించుకుని వచ్చినవాడు, అందరిదీ ఇదే ప్రశ్న. మా రాయచోటి ప్రాంతపు పల్లెల్లో వానకంటే ఎక్కువగా ఎదురుచూసేది అప్పు కోసమేనేమో అనిపిస్తుంది.

పల్లెలో అప్పు దొరకదని కాదు. వారం వడ్డీవాడు ఇంటి ముందుకే వస్తాడు. పదివేలు అని చెప్పి, పదిహేనువందలు ముందే కోసుకొని, 8,500 చేతిలో పెట్టి, వారానికి వెయ్యి చొప్పున పది వారాలు వసూలు చేసుకుంటాడు. సంవత్సరానికి లెక్కగడితే అది నూటికి నూరు దాటిపోతుంది. నోటు రాయించుకుని నెలకు నూటికి రెండు, మూడు రూపాయల చొప్పున ఇచ్చేవాళ్ళున్నారు. దానిలో తక్కువ రేటుకు మనవాళ్ళు “ధర్మవడ్డీ” అనే పేరు కూడా పెట్టుకున్నారు. వడ్డీకి ధర్మం అనే మాటను ఎవరు తగిలించారో గాని, మన ఇళ్ళలో కూడా ఆ మాట సునాయాసంగా వాడేస్తున్నారు. సూక్ష్మరుణ కంపెనీల గురించి చెప్పనక్కరలేదు. వాటి వసూళ్ళ తాకిడికి 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసివచ్చిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి.

వీటన్నిటినీ తప్పించుకోవాలనుకున్న విశ్వాసికి మిగిలేది చేబదులు. బంధువో, పొరుగువాడో, జమాతులో పక్క వరుసలో నిలబడే సోదరుడో ఇచ్చేది. దీనినే మనం ఖర్జె హసన అంటాం. అడగవలసిన ప్రశ్న ఇక్కడే మారాలని నా అభిప్రాయం. “ఆయన మంచివాడేనా?” అని అందరూ అడుగుతారు. “ఆయన ఎలా ఇస్తాడు?” అని అడిగేవారు అరుదు. గడ్డం చూసి, నమాజు చూసి, హజ్ చేసివచ్చాడన్న పేరు చూసి అప్పు తీసుకున్నవారు తరువాత పడిన బాధ నేను చూస్తూనే ఉన్నాను. గడ్డాన్నీ హజ్‌నూ నేను తక్కువ చేయడం లేదు. అవి అల్లాహ్‌కూ దాసునికీ మధ్య వ్యవహారం. అప్పు మాత్రం ఇద్దరు దాసుల మధ్య వ్యవహారం, దానికి వేరే కొలమానం ఉంది.

ఒక సంగతి చెబుతాను. మా మండలంలోని ఒక ట్రాక్టరు డ్రైవరు తల్లి ఆపరేషన్ కోసం ఊళ్ళోనే ఒక పెద్దమనిషి దగ్గర నలభైవేలు తీసుకున్నాడు. ఇచ్చినాయన మసీదులో మొదటి వరుస మనిషి. “మనలో మనకు వడ్డీ ఏమిటి?” అన్నాడట. ఆ మాటకే ఈ అబ్బాయి కరిగిపోయాడు. అయితే “పద్ధతి కోసం” ఖాళీ ప్రాంసరీ నోటు మీద, రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం తీసుకున్నాడు. అంకె లేదు, తేదీ లేదు. ఏడాదిన్నరలో విడతలుగా ముప్పై ఒక్క వేలు తిరిగి ఇచ్చానని ఈ అబ్బాయి అంటాడు. ఇచ్చిన ప్రతిసారీ మనిషి చేతికే ఇచ్చాడు, నోటు వెనుక చెల్లు వేయించుకోలేదు. అడిగితే, “చాచా, నా మీద నమ్మకం లేదా అని ఆయన బాధపడతాడేమో అనుకున్నాను” అని నాతో అన్నాడు. చివరికి ఆ నోటులో ఎనభైవేలు అని రాసి ఉంది. పంచాయితీకి నన్నూ పిలిచారు. రెండు గంటలు కూర్చున్నాం. ఒకరి చేతిలో కాగితం, ఇంకొకరి నోట్లో ప్రమాణం. పెద్దలు మధ్యలో ఏదో అంకె తేల్చారు. అది న్యాయమో కాదో నేను చెప్పలేను.

ఆ రాత్రి నాకు అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు పదే పదే గుర్తుకు వచ్చింది. ఖుర్ఆన్ మొత్తంలో అతి పొడవైన ఆయతు అదే. నమాజును గురించి కాదు, ఉపవాసాన్ని గురించీ కాదు, అప్పును రాసుకోవడం గురించి. మా హిఫ్జ్ విద్యార్థులు దానిని కంఠస్థం చేయడానికి చెమటోడుస్తారు. అప్పు చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాసుకోవడానికి విసుగు చెందవద్దని అందులో ఉంది, సాక్షుల్ని పెట్టుకొమ్మని ఉంది, రాయడం తెలిసినవాడు రాయనని నిరాకరించకూడదని ఉంది. వీటన్నిటికంటే నన్ను ఆలోచింపజేసేది మరొకటి. రాయించవలసింది, అంటే నోటితో చెప్పవలసింది, అప్పు తీసుకున్నవాడు. ఇచ్చినవాడు కాదు. బాధ్యత ఎవరి మీద ఉందో అతని నోటనే ఆ మాట రావాలి. అతను చెప్పలేని స్థితిలో ఉంటే అతని సంరక్షకుడు చెప్పాలి. మన పల్లెల్లో ఖాళీ నోటు దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ అప్పు తీసుకున్నవాడు మౌనంగా ఉంటాడు, ఇచ్చినవాడు తనకు తోచినప్పుడు, తోచినంత రాసుకుంటాడు.

రాయడం వాజిబ్ అని అధికసంఖ్యాక ఫుఖహా అనలేదు, ముస్తహబ్ అన్నారు. ఒకరినొకరు నమ్మినప్పుడు రాయకపోయినా చెల్లుతుందని ఆ తరువాతి ఆయతును బట్టి చెప్పారు. అది నిజమే. కాని ఆ వెసులుబాటును మనం ఆచారంగా మార్చుకున్నాం, అసలు ఆదేశాన్ని అవమానంగా మార్చుకున్నాం. “అయినవాళ్ళ మధ్య కాగితమా?” అంటాం. కాగితం లేనందువల్ల అయినవాళ్ళు కానివాళ్ళైన ఇళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నాయి. వాటి లెక్క ఎవరూ రాసుకోలేదు.

కాబట్టి నన్ను అడిగినవారికి నేను మనుషుల పేర్లు చెప్పడం తగ్గించుకుని, గుర్తులు చెబుతున్నాను. చెప్పిన మొత్తం చేతికి పూర్తిగా ఇచ్చేవాడై ఉండాలి. కాగితం మీద అంకె, తేదీ, గడువు మీ ఎదుటే నింపాలి, దాని నకలు మీకివ్వాలి. ఫోనులో ఫొటో తీసుకున్నా సరే. విడత కట్టిన రోజే నోటు వెనుక చెల్లు వేయాలి. ఖాళీ చెక్కు, ఖాళీ నోటు అడిగినవాడు వడ్డీ మాట ఎత్తకపోయినా అక్కడినుండి లేచి రండి. ప్రాంసరీ నోటుకు కోర్టులో మూడేళ్ళ గడువు అని అందరికీ తెలుసు, ఆ గడువు దాటించి ఎగవేసినవారినీ చూశాం. ఆఖిరత్‌లో ఆ గడువు ఉండదని వారికి వేరే చెప్పాలా?

ఇంకొక గుర్తు ఉంది. దీనిమీద నాతో వాదించినవారు చాలామంది. అప్పు ఇచ్చినవాడు దానికి బదులుగా ఏ లాభమూ పొందకూడదు. రూపాయల్లో తీసుకుంటేనే వడ్డీ అనుకుంటారు మనవాళ్ళు. మా వైపు ఇల్లు “భోగ్యానికి” ఇవ్వడం మామూలు. రెండు లక్షలు ఇస్తారు, డబ్బు తిరిగి వచ్చేదాకా అద్దె లేకుండా ఆ ఇంట్లో ఉంటారు. పొలమైతే స్వాధీన తాకట్టు అంటారు, పంట అప్పిచ్చినవాడిది. నమాజు తప్పనివారు కూడా దీనిలో దోషం చూడరు. కాని అప్పు మూలంగా లాభం రావాలన్న షరతు ఉంటే అది రిబా కిందికే వస్తుందని ఫిఖహ్ గ్రంథాల మాట. ఆ ఇంటి అద్దె నెలకు నాలుగువేలైతే, ఆ నాలుగువేలే వడ్డీ. పేరు మారింది, అంతే. దీనికి దారి లేకపోలేదు. సరైన అద్దె నిర్ణయించి, ప్రతి నెలా దానిని అప్పులో మినహాయించుకుంటూ పోవచ్చు. ఒకరిద్దరు ఇళ్ళవాళ్ళు అలా మార్చుకున్నారు కూడా. “హజ్రత్, ఇలా అయితే ఎవరిస్తారు?” అని మిగిలినవాళ్ళు నవ్వారు.

ఎవరిస్తారు? హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) సంగతి వినండి, బుఖారీలో వివరంగా ఉంది. ప్రజలు ఆయన దగ్గర డబ్బు దాచుకోవడానికి వచ్చేవారు. ఆయన అమానతుగా తీసుకోవడానికి ఒప్పుకునేవారు కాదు. ఇది అప్పుగా నా మీద ఉండనీ, అమానతైతే పోతుందేమోనని నా భయం అనేవారు. అమానతు తన తప్పు లేకుండా పోతే ఇచ్చినవాడికే నష్టం. అప్పు ఎలా పోయినా తీసుకున్నవాడు కట్టవలసిందే. అంటే నష్టం తన నెత్తిన వేసుకుని ఇతరుల సొమ్మును కాపాడారు. ఆయన షహీదైన నాటికి అలా చేరిన అప్పు ఇరవై రెండు లక్షలు. నగదు లేదు, భూములూ ఇళ్ళూ ఉన్నాయి. కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) గాబాలోని భూమిని, ఒకనాడు లక్షా డెబ్భైవేలకు కొన్నదానిని, పదహారు లక్షలకు అమ్మి అప్పులు తీర్చారు. నాలుగు లక్షలు రావలసిన అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి), కావాలంటే మాఫీ చేస్తానన్నారు. వద్దన్నారు కొడుకు. పోనీ ఆలస్యంగా ఇవ్వండన్నారు. అదీ వద్దన్నారు. ఆ భూమిలోనే ఆయన వంతు కోసి ఇచ్చారు. వారసులు ఆస్తి పంచమని అడిగితే, నాలుగేళ్ళపాటు హజ్ సమయంలో, జుబైర్ మీద ఎవరికైనా అప్పు ఉంటే రండి అని ప్రకటించిన తరువాతే పంచారు. అప్పు ఇచ్చేవాడు మాత్రమే కాదు, తీసుకున్నవాడూ అతని కొడుకూ నమ్మకస్తులైన సమాజం అది.

మన కాలంలో ఒంటరి మనిషి ఆ భారం మోయలేడు. అందుకే ఊరికొక నిధి ఉండాలని నేను చాలాకాలంగా అంటున్నాను. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. హైదరాబాదువాసి డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా సంస్థానం కాలంలో అక్కడ నడిచిన వడ్డీలేని రుణ సంఘాలను గురించి రాశారు. దేవ్‌బంద్‌లో ముస్లిం ఫండ్ 1961 నుండి ఉంది. మా మసీదులో నడిచేది వాటి ముందు చాలా చిన్నది. ఇంటికి నెలకు వంద రూపాయలు. అప్పు పదిహేనువేలకు మించదు, పది నెలల్లో తీర్చాలి, ఇద్దరు జామీన్‌దార్లు ఉండాలి. లెక్క రెండు పుస్తకాల్లో ఇద్దరు వేర్వేరుగా రాస్తారు, నెలకోసారి రెండూ పక్కన పెట్టి చూసుకుంటారు. జమా ఖర్చుల మొత్తం గోడకు అంటిస్తాం, అప్పు తీసుకున్నవారి పేర్లు మాత్రం అంటించం. పేరు బయటపడుతుందన్న భయంతోనే చాలామంది వారం వడ్డీవాడి దగ్గరకు పోతారు. ముఖ్యంగా ఆడవాళ్ళు. వారి దరఖాస్తులు మా ఇంట్లోవాళ్ళ చేతికి వస్తాయి.

ఇలాంటిది మొదలుపెట్టాలనుకునేవారికి రెండు మూడు మాటలు. జకాత్ సొమ్మును ఈ నిధిలో కలపవద్దు. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్‌ను అర్హుని సొంతం చేయాలి, తిరిగి తీసుకునే అప్పుగా ఇస్తే జకాత్ నెరవేరదు. అప్పు తీర్చలేని స్థితిలో ఉన్నవాడికి మాత్రం జకాత్‌లో హక్కు ఉంది. తౌబా సూరా 60వ ఆయతు చెప్పిన ఎనిమిది వర్గాల్లో రుణగ్రస్తులు ఒకరు. “అతను నాకివ్వాల్సింది వదిలేశాను, అదే నా జకాత్” అనుకుంటారు కొందరు. మీ ఇతర సొమ్ము మీది జకాత్ అలా తీరదు. జకాత్ అతని చేతికివ్వండి, అతని సొంతమైన తరువాత మీ అప్పు మీరు అడిగి తీసుకోవచ్చు. కాగితాల ఖర్చు, గుమాస్తా జీతం అప్పు తీసుకున్నవారి నుండి వసూలు చేయవలసివస్తే అసలు ఖర్చుకు మించకూడదు. అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ 1986లో అమ్మాన్ సమావేశంలో చెప్పిందీ ఇదే. నూటికి ఇంత అని పెట్టారంటే మళ్ళీ మొదటికే వచ్చినట్టు. నిధి ఊరు దాటి పెరిగితే సహకార సంఘంగా నమోదు చేయించండి, 1995 నాటి చట్టం అందుకు ఉంది. నమోదు లేకుండా, లాభం ఆశ చూపి డిపాజిట్లు సేకరించేవారు మసీదు మెట్లమీద కనబడినా దూరంగా ఉండండి. అనుమతి లేని డిపాజిట్ పథకాలను 2019 నాటి కేంద్ర చట్టం నిషేధించింది.

నిధికి అసలు కష్టం లేనివాడి వల్ల రాలేదు. లేనివాడికి గడువు ఇవ్వమని ఖుర్ఆన్ ఆజ్ఞ, ఇచ్చాం. చేతిలో ఉండి కట్టనివాడే కష్టం. ఒకాయన కొత్త మోటారుసైకిలు కొని, విడత అడిగితే “అల్లాహ్ సొమ్మే కదా, తొందరేముంది?” అన్నాడు. ఉన్నవాడు వాయిదా వేయడం జుల్మ్ అని దైవప్రవక్త (సల్లం) చెప్పిన మాట అతనికి వినిపించాం. జామీన్‌దారు ఇద్దరూ కలిసి కట్టాక, సిగ్గుపడి వారికి తిరిగి ఇచ్చాడు.

మొన్న రబీఉల్ అవ్వల్‌లో మా ఊళ్ళో ఒక వృద్ధుడు చనిపోయారు. ఆస్తి విడిచిపోని ఒక రుణగ్రస్తుని జనాజా నమాజు చేయించకుండా దైవప్రవక్త (సల్లం) ఆగిపోయారనీ, అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తన మీద వేసుకున్న తరువాతే చేయించారనీ మా ఊరివారికి తెలుసు. అందుకే నమాజుకు ముందు పెద్దకొడుకు నిలబడి, మా అబ్బా మీద ఎవరికైనా బాకీ ఉంటే నా దగ్గరకు రండి అన్నాడు. వారంలో ముగ్గురు వచ్చారు. ఇద్దరి పేర్లు ఆ వృద్ధుని దిండు కింది నోటుపుస్తకంలో ఆయన చేతిరాతతోనే ఉన్నాయి, అంకెలు కూడా సరిపోయాయి, కొడుకు ఇచ్చేశాడు. మూడవ మనిషి పేరు పుస్తకంలో లేదు. పన్నెండువేలు చేబదులిచ్చానంటాడు, కాగితం లేదంటాడు, సాక్షి లేడంటాడు. అబద్ధమాడే మనిషి కాదని ఊరంతా అంటుంది. కొడుకు నిన్న అస్ర్ తరువాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తన వాటాలోనుంచి ఇస్తాడట. చెల్లెళ్ళ వాటా ముట్టుకోవచ్చా అని అడిగాడు. వాళ్ళు ఒప్పుకుంటే తప్ప ముట్టుకోకూడదని చెప్పాను.