హరూఫ్ వచ్చు, మత్లబ్ రాదు

మా అబ్బా దుబాయ్‌లోని జబల్ అలీ బందర్‌గాహ్ నుంచి సౌదీలోని దమ్మామ్‌కు ట్రైలర్ నడిపేవారు. అబూధాబీ దాటాక ఘువైఫాత్ దగ్గర ఎమిరేట్స్ సరహద్దు. అవతల సౌదీవాళ్ల బత్‌హా చౌకీ.

ఆ నౌకరీలో స్టీరింగ్ సగమే. మిగతా సగం కాగజాత్. కంటైనర్‌కు వేసిన సీల్ నంబరూ, కాగజ్‌లో రాసిన నంబరూ ఒకటేనా? కార్టన్ల లెక్క కుదిరిందా? వీసా తారీఖు ఉందా? ఒక్క అంకె తప్పినా బండి పక్కకు పెట్టాల్సిందే.

అబ్బా కూడా నాలాగే ఉర్దూ మీడియం. అరబీ హరూఫ్ గడగడా చదివేవారు. నేపాలీ, పంజాబీ డ్రైవర్లు తమ కాగజ్‌లు తెచ్చి ఆయన చేతిలో పెట్టేవారట. "చదివి వినిపించేవాణ్ని బేటా, మత్లబ్ మాత్రం నాకూ తెలిసేది కాదు" అని నవ్వేవారు.

2009 జూన్. నేను ఒక తెలుగు పేపర్‌లో నైట్ డ్యూటీలో ఉన్నా. సౌదీ వైపు తనిఖీలు పెరిగి ఘువైఫాత్‌లో వేల ట్రక్కులు ఆగిపోయాయని ఏజెన్సీ ఖబర్ వచ్చింది. గల్ఫ్ దేశాల కస్టమ్స్ యూనియన్ 2003 నుంచే అమల్లో ఉంది. అయినా కతార్ కిలోమీటర్ల పొడవు. నాలుగు లైన్లకు కుదించి లోపలి పేజీలో పెట్టేశా. ఇంటికెళ్లి హాయిగా పడుకున్నా.

ఆ కతార్‌లో అబ్బా ఉన్నారని వారం తర్వాత తెలిసింది.

బండిలో పళ్లు. కంటైనర్‌ను చల్లగా ఉంచే మిషన్‌కు డీజిల్ అయిపోవస్తోంది. అబ్బా క్యాబిన్‌లో ఏసీ బంద్ చేసి, ఇంజన్ ఆపి, బండి ట్యాంకులోంచి పైపుతో డీజిల్ తీసి ఆ మిషన్‌కు పోశారు. ఆ ధూప్‌లో తాను ట్రైలర్ కింద నీడలో పడుకున్నారు. సామాన్ అమానత్ కదా, ఖయానత్ చేయకూడదు.

అయినా కొన్ని పెట్టెలు మెత్తబడ్డాయి. దమ్మామ్‌లో ఒక కాగజ్ ముందు పెట్టి దస్తఖత్ పెట్టమన్నారు. అబ్బా మొదటి హర్ఫ్ నుంచి చివరి హర్ఫ్ దాకా చదివారు. పెట్టేశారు. నుక్సాన్ తన గఫ్లత్ వల్లే జరిగిందని ఒప్పుకున్నట్టు అందులో ఉందని రెండు నెలల తన్ఖా కోసినప్పుడుగానీ తెలియలేదు.

డిగ్రీలో తెలుగు తీసుకున్న నేను వేల ఖబర్లు రాశాను. మా ఇంటి ఖబర్ చేతికొస్తే మాత్రం పొడవెంతో చూశాను, అందులో ఎవరున్నారో చూడలేదు. చదివీ తెలుసుకోలేకపోయింది అబ్బా ఒక్కరే కాదు.

ఇప్పుడు అబ్బా ఇంట్లోనే ఉంటున్నారు. మొన్న బ్యాంకులో ఫారం ఇచ్చి ఇక్కడ సంతకం పెట్టమంటే కలం పక్కన పెట్టేశారు.

"పైలే మత్లబ్ బోలో."

వెనక లైన్‌లో ఉన్నవాళ్లు విసుక్కున్నారు. నేను పక్కన నిలబడి ఒక్కో లైనూ చదివి, మత్లబ్ చెప్పాను. ఆయన ఆఖరి లైను దాకా విని, అప్పుడు పెట్టారు దస్తఖత్.