గుమ్మం దగ్గర ఆగిన స్వరం

విజయవాడ పేరు చెప్పగానే చాలామందికి ప్రకాశం బ్యారేజీ, రైల్వే కూడలి గుర్తుకు వస్తాయి. కృష్ణా డెల్టాలోని పల్లెలలో, చిన్న పట్టణాలలో నివసించే మాబోటి వారికి ఆ నగరం మరో కారణంగా కూడా అవసరమైనది. చెడిపోయిన వస్తువును చేతపట్టుకొని బస్సెక్కితే, దానిని విప్పి చూడగలిగిన మనిషి అక్కడ ఏదో ఒక సందులో దొరుకుతాడన్న నమ్మకం మా పెద్దల కాలం నుండి ఉన్నది. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రారంభమైంది. రేడియోలు ఇళ్లలోకి వచ్చిన కొద్దీ వాటిని బాగుచేసేవారూ వచ్చారు. తరువాత టేప్‌రికార్డర్లు, ఇప్పుడు సెల్‌ఫోన్లు. మరమ్మతు బల్ల అలాగే ఉన్నది, దాని మీది వస్తువే మారుతూ వచ్చింది.

గత వేసవిలో మేము ఇద్దరు ఉపాధ్యాయులము బందరు నుండి అలాంటి పని మీదనే బయలుదేరాము. మా చేతిలో ఉన్నది అరచేతిలో ఇమిడిపోయే ఒక పాత మ్యూజిక్ ప్లేయర్. పేరుకు మ్యూజిక్ ప్లేయరే గానీ దానిలో నిండి ఉన్నది ఖుర్ఆన్ పారాయణం. చూపు బాగా మందగించిన మా విద్యార్థి ఒకడు దాని సాయంతోనే హిఫ్జ్ చేస్తున్నాడు. ఏ మీట నొక్కితే ఆయతు వెనుకకు వెళుతుందో అతని వ్రేళ్లకు తెలుసు. నున్నటి సెల్‌ఫోను తెర అతనికి అలవాటు కాలేదు. అప్పటికి 18 జుజ్‌లు పూర్తయ్యాయి. కంఠస్థం చేసిన ఖుర్ఆన్‌ను పునశ్చరణ చేయకపోతే అది కట్టు విప్పిన ఒంటెలకన్నా వేగంగా తప్పించుకుపోతుందన్న భావం హదీసులో ఉన్నది. ఆ విద్యార్థి విషయంలో కట్టుత్రాడు ఆ చిన్న పెట్టెయే.

ఈజిప్టుకు చెందిన ఖారీ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ గారి సంపూర్ణ ఖుర్ఆన్ పారాయణం 1960 దశకపు తొలినాళ్లలో రికార్డు అయినది. అంతకుముందు అంధ విద్యార్థికి గురువు నోరే ప్రధాన ఆధారం. యంత్రం గురువుకు బదులు కాజాలదు. అయితే గురువు నిద్రించే వేళ కూడా అది పాఠం చెప్పగలదు.

ఆ ప్లేయర్‌లో వచ్చిన లోపం మాకు వింతగా తోచింది. ఖారీ గారి స్వరం దాదాపు పూర్తిగా మాయమైంది. కానీ అందులోనే ఉన్న ఒక నాత్ పెడితే ప్రధాన గాయకుని గొంతు లేకుండా వెనుకనున్న బృందం ధ్వని మాత్రం దూరం నుండి వచ్చినట్లు వినిపించేది. బందరులో ఒకరు దానిని చూసి, “ఇది ఇక పారేయవలసిందే” అన్నారు. ఆ మాట విని విద్యార్థి ఏమీ అనలేదు, పెట్టెను మాత్రం చేతిలో నుండి వదలలేదు.

పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు మీదుగా బస్సు సాగింది. వేసవి గనుక కాలువలకు నీరు కట్టివేశారు. ఆ రోజులలోనే పూడిక తీస్తారు, లాకులు బాగుచేస్తారు. బ్యారేజీ నిండుగా ఉన్నా కాలువ పూడితే శివారు పొలానికి నీరు అందదని డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

గవర్నరుపేటలో ఒక ఇరుకు దుకాణంలో, మా వయసువాడే అయిన మెకానిక్ మా గోడు విని నవ్వాడు. “పారేయకండి సాయిబు గారూ, రోగం ఇంట్లో లేదు, గుమ్మంలో ఉంది” అన్నాడు. ఇయర్‌ఫోన్ పిన్నును చూపి వివరించాడు. 3.5 మిల్లీమీటర్ల ఆ పిన్ను మీద రెండు నల్లని వలయాలు, వాటి మధ్య మూడు లోహపు భాగాలు ఉంటాయి. కొన ఎడమ చెవికి, నడిమి భాగం కుడి చెవికి, మొదలు రెండింటికీ ఉమ్మడిగా తిరుగుదారి. ఆ తిరుగుదారి తెగితే రెండు చెవుల ధ్వనులలో ఉన్న తేడా మాత్రమే వినిపిస్తుంది. పారాయణం రెండు వైపులా ఒకే విధంగా రికార్డు అయి ఉంటుంది, తేడా లేదు గనుక అది వినిపించదు. నాత్‌లో బృందం ధ్వని రెండు వైపులా వేరువేరుగా ఉన్నందున అదొక్కటి మిగిలింది.

అతడు ముందుగా వేరే ఇయర్‌ఫోన్ పెట్టి చూశాడు, లోపం అలాగే ఉన్నది. భూతద్దం క్రింద చూడగా, పిన్ను దూర్చే జాక్ పలకకు అతికిన చోట ఒక టంకం చిట్లి ఉన్నది. రోజూ పెట్టి తీయడం వల్ల కదిలి కదిలి విడిపోయిందట. బందరు ఉప్పుగాలికి లోపలి రేకులకు చిలుము కూడా పట్టింది. త్వరగా ఆవిరయ్యే ద్రవంతో దానిని తుడిచి, బ్యాటరీ తీగ విడదీసి, కొత్త టంకం వేశాడు. అరగంట పని. 150 రూపాయలు తీసుకున్నాడు. మా విద్యార్థి ఇప్పుడు 21వ జుజ్‌లో ఉన్నాడు, అల్‌హమ్దులిల్లాహ్.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ చెప్పులను తామే బాగుచేసుకునేవారని, దుస్తులు తామే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. వస్తువును పారవేయడానికి ముందు దాని లోపమేదో తెలుసుకోవడం మన ఇళ్లలో మరచిపోతున్న సున్నత్.

పాఠక సోదర సోదరీమణులారా, ఇలాంటి లోపం వస్తే మొదట వేరే ఇయర్‌ఫోన్ పెట్టి చూడండి. అది పలికితే చెడినది తీగ మాత్రమే. పిన్ను లోపలికి పూర్తిగా దిగకపోతే జేబులోని నూలుపోగులు రంధ్రంలో చేరి ఉంటాయి. ప్లేయర్‌ను ఆపివేసి చెక్క పుల్లతో మెల్లగా తీయండి, గుండుసూది పెట్టకండి. పిన్నును త్రిప్పినప్పుడు స్వరం వస్తూ పోతూ ఉంటే అతుకు విడిపోయినట్లు అనుమానించి తెలిసిన చేతికి అప్పగించండి. బ్యాటరీకి వేడి తగిలితే ప్రమాదం. తీసేటప్పుడు తీగను లాగక పిన్నును పట్టుకొని తీయమని పిల్లలకు నేర్పండి. ఒకరు పనికిరాదన్నారని వెంటనే వదిలివేయకండి, రెండవవారికి కూడా చూపండి. ఆ వస్తువు మీద ఇంట్లో ఎవరు ఆధారపడి ఉన్నారో బాగుచేసేవారికి తెలియదు, మీకు తెలుసు.