గోడవెనుక గది

యాత్ర యనగానే మనకు కాశియో, శ్రీశైలమో, భద్రాచలమో తలపునకు వచ్చును. నేనిప్పుడు వ్రాయబోవు చోటునకు రైలు పోదు, కాలిదారియైనను లేదు. దానిని కట్టినవాడే వాకిలి పెట్టక గోడతో మూసెను. ఐనను ఆ లోపల అడుగుపెట్టి వచ్చినవారు దేశదేశములందును గలరు. అది 1980వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన ‘అడ్వెంచర్’ అను వీడియో ఆటలోని యొక చిన్నగది. ఆటలోని గదికిని యాత్రయా యని సోదరీమణులు నవ్వుదురేమో. ఆ గదిలో నేమున్నదో, అది యెందులకు దాచబడెనో తెలిసినపిమ్మట నాకు నవ్వు రాలేదు. అందుచేతనే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా ఆ స్థలముయొక్క పూర్వకథ వినుడు. అమెరికాలో కెంటకీ రాష్ట్రమున మామత్ గుహ యను మహాబిలము కలదు. ఇంతవఱకు మనుష్యులు కనుగొనిన గుహలలో దానిని మించి పొడవైనది లేదు. విల్ క్రౌథర్ అను కంప్యూటరు విద్యానిపుణుడు ఆ బిలములలో తిరుగుట యందు మిక్కిలి యాసక్తి గలవాడు. భార్యతో తెగతెంపులైన కాలమున, తన కుమార్తెల వినోదమునకై, 1975, 76 సంవత్సరముల ప్రాంతమున ఆయన ఆ బిలమార్గములనే మాటలతో వర్ణించి యొక ఆట కల్పించెను. అందు బొమ్మలు లేవు. ఉత్తరమునకు పొమ్మని వ్రాసినచో యంత్రము ఆవలి చోటెట్లున్నదో వర్ణించి చెప్పును. 1977లో డాన్ వుడ్స్ అనునాయన దానిని పెంచి పెద్దచేసెను. అటారీ కంపెనీలో కొలువుండిన వారెన్ రాబినెట్ అను యువకుడు 1978లో ఆ ఆటను చూచి, దీనినే బొమ్మలతో, ఇంటింటి టెలివిజనుమీద ఆడుకొనునట్లు చేయవలెనని సంకల్పించెను.

అది కాని పనియని పైయధికారి వలదనెను. ఆయన మాటయందును న్యాయము లేకపోలేదు. ఆట యంతయు ఇమడవలసిన తావు 4,096 బైట్లు; అనగా ఆంగ్లమున రెండు మూడు పుటల వ్రాత పట్టునంత. ఆట సాగునపుడు యంత్రము జ్ఞప్తియందుంచుకొనగలిగినది 128 బైట్లు. ఒక పోస్టుకార్డుమీది రెండు మూడు పంక్తులు. రాబినెట్ ఆ మాట వినియు మానలేదు. అంత యిఱుకుతావున ఆయన మూడు కోటలను, మూడు మహాసర్పములను, చిక్కుదారులను, మొత్తముమీద ముప్పది గదులను ఇమిడ్చెను. చిన్న వంటింట పెద్ద సంసారమును నడపినవారికి ఆ నేర్పెట్టిదో నేను వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక ఆ దేశములోనికి పోదము. మనము బంగారుకోట ముందర నిలుతుము. మనమనగా ఒక చిన్న చతురస్రము మాత్రమే. కాలు సేతులు లేవు, ముఖము లేదు. పసుపు, ఆకుపచ్చ, ఎఱుపు వన్నెలు గల మూడు మహాసర్పములు మనలను మ్రింగవచ్చును. నిజము చెప్పవలెనన్న అవి సర్పములవలె గాక బాతులవలె నుండును! కత్తి యున్నది, అదియు బాణమువలె నుండును. మూడు కోటలకు మూడు తాళపుచెవులు, ఒక అయస్కాంతము, ఒక వంతెన కలవు. ఎచ్చటనో దాగియున్న మంత్రపాత్రను తెచ్చి బంగారుకోటలో చేర్చుటయే ఆట. ఒకమాఱు ఒక వస్తువును మాత్రమే మోయవచ్చును. ఇవి చాలవన్నట్లు ఒక గబ్బిలము ఎల్లప్పుడును ఎగురుచు, మన చేతిలోనిది తన్నుకొనిపోయి, వేఱొకటి పడవైచి పోవును.

పాత ఆటలను నేటి కంప్యూటరుమీదను ఆడుకొను వీలు గలదు. మా చిరంజీవి మీటలు నొక్కుచుండగా నేను ప్రక్కన గూర్చుండి కాగితముమీద దారి గీయుచుంటిని. మొదటి దినముననే ఆకుపచ్చ సర్పము మమ్ము మ్రింగెను. అఘాసురుని నోట బడిన గోపబాలురకు కృష్ణుడు తోడుండెను, మాకెవ్వరును లేరు. అంతలో గబ్బిలము వచ్చి, కడుపులో నున్న మాతోగూడ ఆ సర్పమునే యెత్తుకొని, గదినుండి గదికి ఎగురజొచ్చెను. అట్లు సర్పము కడుపున గూర్చుండి మేము అంతవఱకు చూడని గదులను గూడ చూచితిమి! మీట యొకటి నొక్కినచో మరల బంగారుకోటముందు బ్రతికి లేవవచ్చును. కాని మనము చంపిన సర్పములును మనతోడనే బ్రతికి లేచును. ఆ న్యాయము నాకు నచ్చినది.

ఆ రహస్యపు గదికి పోవలెనన్న, నీలవర్ణపు చిక్కుదారి దాటి నల్లకోట చేరి, నల్ల తాళపుచెవితో దాని తలుపు తెఱువవలెను. లోపలి చిక్కుదారులలో నాలుగువైపుల గోడలు మూసిన చిన్న అఱ యొకటి కలదు. దానికి ద్వారము లేదు. వంతెనను తెచ్చి గోడకు అడ్డముగ వైచి, దానిమీదుగా లోనికి దూరవలెను. లోపల చూతుమా, ఏమియు లేదు! లేదని తోచును గాని, నేలరంగులోనే కలిసిపోయిన యొక చుక్క యున్నది. అది ఆ తెఱమీద చూపదగిన వానిలోనెల్ల చిన్నది. అయస్కాంతము దాని నాకర్షింపదు. తడవుకొనుచు పోగా అది మన చతురస్రమునకు అంటుకొనినపుడే చిక్కినదని తెలియును. ఆ చుక్కను మోసికొని, వచ్చిన దారినంతయు మరల నడచి, బంగారుకోట క్రిందివైపు వసారాలో తూర్పుకొసకు చేరవలెను. అచ్చట సన్నని నిలువుగీత యొకటి గోడయై యడ్డగించును.

ఇప్పుడు యంత్రముయొక్క బలహీనతతో మనకు పని గలిగినది. టెలివిజను తెఱమీది బొమ్మ క్షణక్షణమును క్రొత్తగా గీయబడుచుండును. ఈ యాటలోని యేర్పాటు చొప్పున ఒక గదిలో రెండు వస్తువులే ఒక్కమాఱు సరిగా గీయబడును. మూడవది చేరినచో ఒకతూరి ఈ రెంటిని, మఱొకతూరి ఆ రెంటిని వంతులవారీగా గీయును. రెండు పొయ్యిలమీద మూడు గిన్నెలు దించుచు నెక్కించుచు వండు ఇల్లాలివలె ననుకొనుడు. అప్పుడు వస్తువులు మినుకుమినుకుమనును. కనుక ఆ చుక్కగాక మఱి రెండు వస్తువులను గూడ ఒక్కొక్కటిగా ఆ వసారాలోనికి చేర్పవలెను. మేము కత్తిని, తాళపుచెవిని చేర్చితిమి; గబ్బిలము రెండుమాఱులు వానిని తన్నుకొనిపోయెను. మూడవమాఱు అన్నియు కుదిరినవి. ఆ నిలువుగీత రెపరెపలాడ నారంభించెను. చిరంజీవి చతురస్రమును దానిమీదికి త్రోసెను. గోడ దారి యిచ్చెను.

లోపలి గదిలో నిధి లేదు, సర్పము లేదు. నడుమ నిలువుగా కొన్ని అక్షరములు, నిమిషమున కెన్నియో రంగులు మాఱుచు వెలుగుచున్నవి. దీనిని నిర్మించినవాడు వారెన్ రాబినెట్ అని వాని యర్థము. అంతే!

ఆ కాలమున అటారీ కంపెనీ తన యాటలమీద నిర్మాతల పేర్లు వేయకుండెను. కంపెనీ పేరే పేరు. ఇప్పటివలె పదులమంది కలిసి చేయు పనియు గాదది. సాధారణముగ ఒక్కడే ఊహించి, ఒక్కడే బొమ్మలు, ధ్వనులు, లెక్కలు అన్నియు కూర్చెడివాడు. ‘అడ్వెంచర్’ ప్రతులు పది లక్షలు అమ్ముడుపోయెను. నిర్మాతకు జీతమేగాని వేఱు లాభము లేదు, పేరును లేదు. అందులకై రాబినెట్ ఆ యిఱుకుతావులోనే కొంత మిగిల్చి, యెవ్వరికిని చెప్పక, యీ గది కట్టి తన పేరు వ్రాసి మూసెను. 1979లో కొలువు మానుకొని పోవునప్పుడును తోడివారితో ననలేదు. మఱుసటి యేడు సాల్ట్ లేక్ నగరమందలి పదునైదేండ్ల బాలుడొకడు ఆ గది కనుగొని కంపెనీకి జాబు వ్రాసెను. అప్పుడుగాని వారికి తమ సరకులో నేమున్నదో తెలియలేదు. దానిని తీసివేయుట వ్యయప్రయాసలతో గూడిన పని. స్టీవ్ రైట్ అను అధికారి ఆలోచించి, ఉండనిండు, ఇకమీద ఆటలలో ఇట్టి దాపఱికములుండుటయే మేలు, ఈస్టరు పండుగనాడు పిల్లలు వెదకు రంగుగ్రుడ్లవలె నుండుననెను. నేటికిని ఇట్టివానిని ‘ఈస్టరు గ్రుడ్డు’ అనియే పిలుచుచున్నారు. ఇంతకుముందు ఇట్టివి లేకపోలేదుగాని, ఆ పేరు నిలిచినది దీనినుండియే.

గోడల నిట్లు దాటుట అన్ని ఆటలలోను ఒకే తీరుగ నుండదు. 1996లో ఇంగ్లండున వెలువడిన ‘టూంబ్ రైడర్’ అను ఆటలో లారా అను సాహసిని పురాతన సమాధులలో తిరుగును. ఎత్తైన రాతిదిమ్మె మూలకు ఆనించి ఆమెను సరిగా గెంతించినచో, ఆమె దిమ్మెలోపల నున్నదని యంత్రము భ్రమించి, దిమ్మెపైకి చేర్చివేయును. అట్లు చేరరాని చోట్లకు చేరుట నేర్చినవారు పెక్కురు గలరు. అది నిర్మాతలు చూడక మిగిలిన సందు. దానివెంట పోయినవారికి నిర్మాణము వెనుకవైపు కనబడును. నాటకశాలలో తెరవెనుక చూచినట్లు. రాబినెట్ ఉంచినది అట్టిది గాదు. యంత్రములోని లోపము నెఱిగి, దానినే తన తలుపునకు గడియగా జేసికొనెను.

ఈ సంగతి మా యింట వాదమునకు దారితీసెను. మావారు బడిపంతులు. జీతము పుచ్చుకొని చేసిన పని యజమానునిది, చాటుగా పేరు చెక్కుట తగదని వారి మతము. “మేము చదువు చెప్పిన పిల్లల నొసళ్ళమీద మా పేర్లు వ్రాసికొనుచున్నామా?” అనిరి. అందుకు నేను, “వ్రాసికొననక్కఱలేదు. అక్షరాభ్యాసము చేసినవారెవ్వరని అడిగిన, ముసలివాడైనను మొదటి పంతులుగారి పేరు చెప్పును. ఆ యాట కొన్నవానిని అడిగిన నెవ్వరి పేరు చెప్పును?” అంటిని. భారతములోని మయసభనే చూడుడు. అచ్చటను గోడ ద్వారమువలెను, ద్వారము గోడవలెను తోచి దుర్యోధనుడు పరాభవము పొందెను. ఆ సభ ధర్మరాజుది. కట్టించినవారు పాండవులు. ఐనను మనము నేటికిని ధర్మరాజసభ యనము. కట్టిన మయుని పేరనే పిలుచుచున్నాము. మన ప్రబంధకవులును కృతిని రాజునకో దేవునకో అంకితమిచ్చి, ప్రతి ఆశ్వాసము చివరను గద్యమున తమ పేరును, తండ్రి పేరును చెప్పుకొనిరి. కృతిపతి వేఱు, కృతికర్త వేఱు. ఒకరి పేరు మఱియొకరి పేరును మ్రింగనక్కఱలేదు. దీనికి మావారు వెంటనే బదులు చెప్పలేదు. చాటుగా చేయుట మాత్రము తప్పేయని తరువాత ననిరి. అడిగినచో ఇచ్చెడివారైనచో చాటెందులకని నేనంటిని.

పేరు కోరి కొలువు విడిచినవారును గలరు. అటారీలోని నలుగురు నిర్మాతలు వెడలిపోయి 1979లో ఆక్టివిజన్ అను సంస్థను స్థాపించి, ఆట పెట్టెమీద నిర్మాత పేరు వేయు పద్ధతి నడపిరి. 1978లో అటారీలో చేరిన కెరోల్ షా యను స్త్రీ, పిమ్మట ఆ క్రొత్త సంస్థలో ‘రివర్ రెయిడ్’ అను ఆటను 1982లో నిర్మించెను. దానిమీద ఆమె పేరు బాహాటముగ నున్నది. వీడియో ఆటలు నిర్మించిన తొలి స్త్రీలలో ఆమె యొకతె. రాబినెట్ పిల్లలకు విద్యగఱపు ఆటలు చేయు సంస్థను ఇతరులతో గూడి నెలకొల్పెను. ఆ గది ముందునాళ్ళ నుండియు ఎందఱకో ఇష్టమైన గమ్యమై, 2018 నాటి ‘రెడీ ప్లేయర్ వన్’ అను చలనచిత్రకథకు పరమావధియే యైనది.

ఇదంతయు అమెరికావారి కథ, మనకేమని కొందఱనవచ్చును. ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాడని ముత్తైదువ మన తాతమ్మల నాట అరుదు. దానిని కట్టినదెవ్వరు? పోయిన యేడు మా వీధిలో పెండ్లినాడు, ఎనుబదేండ్ల వృద్ధురాలు అప్పగింతల వేళ ఒక పాట పాడగా మగవారును కన్నులు తుడుచుకొనిరి. ఎవ్వరు కట్టిరమ్మా యని నేనడిగితిని. “మా మేనత్తగారి అత్తగారు కట్టినదే తల్లీ! పేరా? అందఱును బామ్మగారనెడివారు. పేరు మాకు తెలియదు” అనెను. ఆ బామ్మగారు గది కట్టుకొనలేదు, చుక్క దాచుకొనలేదు. పాట నిలిచినది; ఆమె నేలరంగులో కలిసిపోయినది. పాటను వ్రాసికొని, క్రింద ఊరి పేరును, ‘బామ్మగారు’ అనియు వ్రాసి యుంచితిని. అంతకంటె నాకు చేతనైనది లేదు.

మీ యింట పాట పాడువారు, క్రొత్త ముగ్గు కల్పించువారు, ఊరంతయు మెచ్చు ఊరగాయకు పాళ్ళు కుదిర్చినవారు ఉందురు. వారుండగానే అడిగి, పాట క్రింద, ముగ్గు ప్రక్కన, వంట పుస్తకమున వారి పేరు వ్రాయుడు. తరువాతి తరమువారు వంతెన మోసికొని గోడల వెంట తడవుకొనవలసిన పని యుండదు.