రావలసినదియు, వచ్చినదియు

ప్రయోగశాలయందు విద్యార్థికి రెండు ఫలితము లెదురగుచుండును: పుస్తకము చెప్పునది యొకటి, గాజుపాత్ర చూపునది యొకటి. రెండును ఏకమైన దినమున చిక్కు లేదు. కాని దినముననే వాని సత్యమునకు పరీక్ష.

ఈ సంవత్సరము మా తొమ్మిదవ తరగతి బాలుడొకడు నీరు మరగించుచు, "98 డిగ్రీల వద్దనే నిలిచినదండీ, పుస్తకములో 100 అని యున్నది. అట్లే వ్రాయుదునా?" అని నన్నడిగెను. "చూచినదే వ్రాయుము నాయనా, కారణము పిదప వెదకుదము" అంటిని. మార్కులు పోవునేమో యని వాడు దిగులుపడెను. వానికి ధైర్యము చెప్పుటకై వినిపించిన వృత్తాంతమునే యిచ్చట వ్రాయుచున్నాను.

నత్రజని పరమాణువులు మూడు వరుసగా కూడిన సమూహమును ఎజైడందురు. రెండు కర్బన పరమాణువులు త్రిబంధముతో కూడియున్న పదార్థము ఆల్కైను. ఇవి రెండును కలిసినచో ఐదు పరమాణువుల వలయ మేర్పడును, అదియే ట్రయజోలు. ఒక్క పరమాణువైనను వృథాపోదు. 1893లో ఆర్థరు మైకేలు ఇట్టి వలయమును సిద్ధపఱచెను. 1960 దరిదాపుల జర్మనీలో రోల్ఫు హ్యూస్గెను ఈ చర్య మర్మమును విపులముగా శోధించెను. అయినను లోపమొకటి మిగిలెను. చాలసేపు కాచవలెను, కాచినను, వలయపు శాఖలు దగ్గఱగా నున్న రూపమును ఎడముగా నున్న రూపమును కలగలుపుగా వచ్చుచుండెను.

డెన్మార్కులోని కార్ల్స్‌బర్గు ప్రయోగశాలయందు మోర్టెను మెల్డాలు వేఱొక పనిలో నుండెను. రాగి సాయమున ఆల్కైనును ఎసైలు హేలైడుతో కలుపుట ఆయన సంకల్పము. ఆల్కైను ఆ కొనను విడిచి, అదే అణువు రెండవ కొననున్న ఎజైడుతో కూడెను. కోరినది రాలేదని పాత్ర కడిగివేసినచో ఎవరు తప్పుపట్టుదురు? ఆయన మాత్రము వచ్చినదేమో పరిశీలించెను. అది ట్రయజోలు, అదియు ఒకే రూపము! 2002లో దానిని ప్రకటించెను. ఆ యేడే అమెరికాలో బారీ షార్ప్‌లెస్సు, వలేరీ ఫోకిను ప్రభృతులు స్వతంత్రముగా ఇదియే కనుగొనిరి. రాగి యిచ్చట పెండ్లిండ్ల పేరయ్య: ఆల్కైను కొనను తాను పట్టుకొని, ఎజైడు చేరవలసిన వైపును నిర్ణయించి, కార్యము ముగియగానే తప్పుకొనును.

కళాశాలలో చదువునాడు ఈ చర్యను కన్నులార జూచితిని. మైలుతుత్తపు నీలిద్రావణమున విటమిన్ సి లవణమును చేర్చగానే నీలిమ విఱిగి పసుపువన్నె తిరిగెను. పొయ్యి లేదు, మంట లేదు. మఱునాటి యుదయమునకు తెల్లని ఘనపదార్థము అడుగున పేరుకొనియుండెను; వడగట్టుటయే తరువాయి. నూఱేండ్లకు పైబడిన చిక్కు ఇంత నిశ్శబ్దముగా విడుట చూచి నివ్వెఱపోతిని. ఎజైడులు కొన్ని ప్రేలుడు స్వభావము గలవి గనుక ఇది బాలురు చేయదగిన ప్రయోగము కాదు.

రాగి జీవకణములకు హానికరము. అందుచే కారొలిను బెర్టోజి 2004లో ఆల్కైనును ఎనిమిది కర్బనముల వలయమున వింటివలె వంచి, రాగి లేకయే జీవకణములపై ఎజైడుతో కూడునట్లు చేసెను. 2022లో మెల్డాలు, షార్ప్‌లెస్సు, బెర్టోజిగార్లకు నోబెలు బహుమాన మొసగబడెను.

ప్రియ విద్యార్థులారా! రావలసినదానిని మనకు ముందువారు వ్రాసియుంచిరి. వచ్చినదానిని వ్రాయవలసినవారము మనమే. పొరుగువాని పుస్తకమునుండి దించుకొన్న సరియైన అంకెకంటె, మీ కంటితో చూచిన వింత అంకె వేయిరెట్లు విలువైనది.