పాలకవర్లో వేపమొక్క

ఈ ఆదివారం మా కాలనీ పిల్లలు ఖాళీ పాలకవర్లు కడిగి, అడుగున చిల్లులు పెట్టి, మట్టీ పశువుల ఎరువూ కలిపి నింపారు. ఒక్కోదాంట్లో ఒక వేపగింజ. నిల్వ ఉంచితే వేపగింజకు మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది, అందుకే రాలిన పండ్లు ఏరి, గుజ్జు కడిగేసి వెంటనే పెట్టించాం.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్యగారు గుర్తొచ్చారు. సైకిల్ మీద గింజలు వెంటేసుకుని రోడ్ల పొడవునా నాటుకుంటూ పోయిన మనిషి. 2017లో పద్మశ్రీ వచ్చాక కూడా ఆ పని మానలేదు. 2025 ఏప్రిల్‌లో వెళ్లిపోయారు.

హరితహారాలు, వనమహోత్సవాలు ఇంకా జరగాలి. కాకపోతే ఫొటో దిగిన మొక్కకు మే నెల ఎండల్లో నీళ్లెవరు పోస్తారో నాటిన రోజే తేల్చుకోవాలి. మేం ఏ మొక్క ఏ ఇంటిదో రాసిపెట్టుకున్నాం. పాత పెయింటు బకెట్లుంటే పారేయకండి, నీళ్లు మోయడానికి మాకు కావాలి.